ప్లాస్టిక్ తల పలికిన రోజు

చిప్స్ మీద జున్నుముక్కలు వేసి అమ్మే బండి ముందు నిలబడ్డ ఆడమనిషి వెనక్కి తిరగకుండానే అడిగింది.

"ఇవాళ జున్ను పళ్ళ కింద కీచుమంటోందా?"

"మంగళవారం జున్ను ఎప్పుడు కీచుమంది గనక!" అన్నాడు డెస్మండ్ రూలో.

సంకేతం కలిసింది. ఆమె చేతిలోని పొట్లం అతనికి అందించి, ఒటావా నది వైపు నడిచింది. పేరు మిసెస్ ఓగిల్వీ. చూసినవాళ్ళు రిటైరైన పంతులమ్మ అనుకుంటారు. ఆమె ఒక్క ఫోన్ చేస్తే మూడు దేశాల్లో మనుషులు పేర్లు మార్చుకుని మాయమైపోతారు. డెస్మండ్ పద్దెనిమిదేళ్ళుగా అలా మాయమవుతూనే ఉన్నాడు.

"మన కీఫర్ పోయాడు" అందామె.

డెస్మండ్ నోటి దాకా తెచ్చిన ముక్కని మళ్ళీ పొట్లంలో పడేశాడు. "ఎక్కడ?"

"రాటర్‌డామ్ రేవులో, ఓ గోడౌన్‌లో. గుండెపోటని రాశారు. గుండెపోటొస్తే మెడ మీద సూది గుచ్చిన గుర్తు ఎందుకుంటుంది? చచ్చేముందు ఒక్క ముక్క పంపాడు. 'టార్న్‌విక్ పెట్టె పరీక్షగదిలో దేవత, బయట దెయ్యం.' అంతే."

టార్న్‌విక్ అంటే అడవి మంటలార్పే దళాల కోసం కొత్తగా వచ్చిన వాకీటాకీ. అరచేతిలో ఇమిడే నల్లపెట్టె. ఈ దేశంలో గాల్లోకి ఒక్క మాట పంపే ఏ యంత్రమైనా ముందు ప్రభుత్వ ల్యాబ్ గడప తొక్కాల్సిందే. వాడేవాడి చెవి కాల్చకూడదు, పక్కవాడి మాటకి అడ్డం పడకూడదు, వేరే కంపెనీ పెట్టెతో కూడా కలిసి మాట్లాడాలి. అన్నీ నెగ్గితే వీపు మీద ఓ నంబరు పడుతుంది. ఆ నంబరు పడ్డాక ఇక దాన్ని అనుమానించే నాథుడుండడు.

"శుక్రవారం మధ్యాహ్నం నంబరిస్తున్నారు. ఆపైన ఉత్తరాన ఉన్న ప్రతి దళం చేతిలోనూ అదే పెట్టె. ఇప్పటికే ఓ దళానికి ట్రయల్ పర్మిట్ మీద ఇచ్చేశారు. డార్లీన్ వాబానో దళం. ఇరవై మంది, నిపిగాన్ పైన అడవిలో ఉన్నారు."

"ఏం చేస్తుందా పెట్టె?"

"అది తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను? ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేరు. పేరు వాల్టర్. కాస్త చెవుడు." ఆమె చిన్న డబ్బా తీసింది. లోపల చెవి మిషన్. "ఉండకూడని సిగ్నల్ గాల్లోకి వెళితే ఇది తుమ్మెదలా రొద పెడుతుంది."

డెస్మండ్ డబ్బా ముట్టుకోలేదు.

"వేరేవాళ్ళని పంపండి మేడమ్."

"ఎందుకో?"

"ఎందుకో మీకు తెలుసు. అది మార్గో పనిచేసిన ల్యాబ్."

"తెలుసు. నీ భార్య గురించి నాకు తెలియందేముంది? ఆమె మంచం పట్టిన ఆ మూడు నెలలూ నిన్ను బాల్టిక్ నుంచి కదలనివ్వంది నేనే." ఆమె గొంతు ఒక్క క్షణం మెత్తబడింది. "అక్కడ నీ మొహం ఎవరూ చూడలేదు. అంతకన్నా మంచి మారువేషం నేను కుట్టించలేను."

ఆ మాట నిజం. అందుకే అంత మంట పుట్టింది. రెండేళ్ళ కింద మార్గో ఆసుపత్రిలో పోతే, అతను వేరే పేరుతో వేరే దేశంలో ఓడ సామాను లెక్కల గురించి ఎవడితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. కబురందేసరికి సమాధి మీద గడ్డి కూడా మొలిచింది.

అతను డబ్బా తీసి జేబులో వేసుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే ల్యాబ్‌లో చేరాడు. అక్కడ పెద్దదిక్కు ఏంబ్రోస్. న్యూఫౌండ్‌లాండ్ మనిషి. నోరు తెరిస్తే సముద్రపు హోరు, మూస్తే గురక. డెస్మండ్ చెవి మిషన్ చూడగానే రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"ఓరి దేవుడా! ధ్వని పరీక్షలకి చెవిటోణ్ణి పంపారు! రేపు కళ్ళజోళ్ళ పరీక్షకి గుడ్డోణ్ణి పంపుతారు. ఏం పేరయ్యా?"

"వాల్టర్."

"అరవక్కర్లేదు, చెవుడు నీది, నాది కాదు. రా, మనవాళ్ళని చూపిస్తా."

మనవాళ్ళంటే యంత్రాలు. అన్నిటికన్నా ముందు చూపించింది బల్ల మీది తల. ప్లాస్టిక్‌తో పోసిన మనిషి తల. కళ్ళు లేవు, జుట్టు లేదు. చెవికి పెట్టెని ఆనించడానికి ఓ కొయ్యచెయ్యి, పెదవుల చోట చిన్న స్పీకరు. ఆ తల మాట్లాడితే పెట్టె ఎంత బాగా వింటుందో కొలుస్తారు. దూరం నుంచి వచ్చిన మాటని పెట్టె ఎంత బాగా చెవిలో వేస్తుందో కూడా కొలుస్తారు.

"ముందు స్వరం, తర్వాత రేడియో. ఇక్కడ అదే వేదం" అంటూ ఏంబ్రోస్ మీట నొక్కాడు.

తల పలికింది.

"తడిసిన తాడు రేవులో ఎండుతోంది. పెద్దాయన టోపీ మంచులో పడింది. వంటింట్లో దీపం ఆర్పడం మరిచాను..."

డెస్మండ్ బల్ల దగ్గరికి జరిగాడు. మార్గో! ఆ నిదానం, మాట చివర ఆ చిన్న విరుపు, పొద్దున్నే కాఫీ కప్పు చేతికిస్తూ మాట్లాడినట్టే. కళ్ళులేని ఆ ప్లాస్టిక్ మొహం అతని వైపే తిరిగి ఉంది. పద్దెనిమిదేళ్ళు తుపాకుల ముందు వణకని చేతులు బల్ల అంచుని పట్టుకున్నాయి.

దీపం మాట తర్వాత చిన్న దగ్గు వినిపించింది. పొడిదగ్గు, అంతలోనే ఆగింది. ఆపైన, "పడవ వచ్చేదాకా ఎవరూ వెళ్ళకండి."

"ఎవరిదీ గొంతు?" అన్నాడు.

"మా మార్గోది. బంగారం లాంటి మనిషి. అన్ని అక్షరాలూ సమంగా వచ్చేలా ఆ వాక్యాలు తనే కూర్చి, తనే చదివింది. పోయింది పాపం."

"ఆ దగ్గు తీసెయ్యొచ్చు కదా?"

ఏంబ్రోస్ గుడికెళ్ళి చెప్పులు విప్పననేవాణ్ణి చూసినట్టు చూశాడు. "తీసేస్తే? నిన్న కొలిచిన పెట్టెకీ ఇవాళ కొలిచే పెట్టెకీ పోలికేముంటుంది? కొలబద్దని గీరకూడదయ్యా. దగ్గుతోనే అన్నీ కొలిచాం, దగ్గుతోనే కొలుస్తాం." తర్వాత గొంతు తగ్గించాడు. "ఆ దగ్గే తర్వాత ఆమెని తీసుకుపోయింది. ఆరోజు ఎవడికి తెలుసు? జలుబనుకున్నాం. నవ్వుకున్నాం కూడా."

"ఇంట్లోవాళ్ళు..."

"మొగుడొకడుండేవాడట. మందుల కంపెనీ సేల్స్‌మనట, ఎప్పుడూ ఊళ్ళు పట్టుకు తిరిగేవాడట. పెళ్ళాం పోతే మట్టి వెయ్యడానిక్కూడా రాలేదు, దరిద్రుడు! శవపేటిక మోసింది నేను. ఏనాటికైనా వాడు నా చేతికి దొరికితే ఈ తల తీసి వాడి తల మీద కొడతా."

డెస్మండ్ చెవి మిషన్ సర్దుకుంటూ, సరిగ్గా వినపడనట్టు తల ఊపాడు. అంతకన్నా కష్టమైన నటన అతను ఏ దేశంలోనూ చెయ్యలేదు.

మూడు రోజులు పరీక్షలు నడిచాయి. టార్న్‌విక్ పెట్టె అన్నిట్లోనూ నెగ్గింది. వేడిలో నెగ్గింది, చలిలో నెగ్గింది, మిగతా కంపెనీల పెట్టెలతో అత్తారింటికొచ్చిన కొత్తల్లుడంత మర్యాదగా మాట్లాడింది. చెవి మిషన్ ఒక్కసారి కూడా రొద పెట్టలేదు. రోజూ పని మొదలయ్యేది మాత్రం మార్గో మాటలతోనే. రెండో రోజు నుంచి డెస్మండ్‌కి భయం పట్టుకుంది, ఆ మాటలు ఆగిపోతాయేమోనని. ఇంటికెళితే ఆమె కుర్చీ ఖాళీ. ఇక్కడికొస్తే ఆమె ఉంది, పలకరిస్తోంది, కానీ అతన్ని కాదు.

గురువారం సాయంత్రం టార్న్‌విక్ తరఫు సలహాదారు వచ్చింది. ఓడిల్ కాస్టాంగే. ఎర్ర కోటు, నల్ల గ్లవ్స్, ఆమె నడిచి వెళితే ఇంజనీర్లు మీటర్లు తప్పు చదివేవారు. ఆమె మిసెస్ ఓగిల్వీ మనిషని డెస్మండ్‌కి తెలుసు. అవతలివాళ్ళ మనిషి కూడానని అనుమానం.

ల్యాబ్ వెనక నది గట్టు మీద ఆమె అతనితో పాటు నడిచింది.

"చెవుడు నీకు బాగా నప్పింది వాల్టర్. ఆడవాళ్ళు చెప్పేది నువ్వు ఎప్పుడూ వినవని మార్గో అనేది."

డెస్మండ్ ఆగిపోయాడు. "మార్గో నీకు తెలుసా?"

"స్నేహితురాలు. నేనొస్తే మేపుల్ బిస్కెట్లు పెట్టేది." ఓడిల్ నది వైపు చూస్తూ గ్లవ్ లాక్కుంది. "ఆవిడ టేపు నకలు ఇక్కణ్ణించి తీసుకెళ్ళింది నేనే. 'మా కంపెనీలో ముందుగా పరీక్షించుకుంటాం' అన్నాను. ఇచ్చేసింది. అందులో రహస్యమేముంది? నేను దాన్ని అమ్ముకున్నాను."

"ఎవరికి?"

"మీ కీఫర్‌ని సూదితో గుచ్చినవాళ్ళకి. నాకు అప్పట్లో తెలీదులే. ఏం చేస్తారో అడక్కపోవడమే నా వృత్తిధర్మం. కానీ పోయిన వారం వాళ్ళ ఫ్యాక్టరీకి వెళ్ళాను. గదంతా పెట్టెలు. స్పీకర్లోంచి మాటల్లేవు. ఒట్టి దగ్గు. మార్గో దగ్గు, మళ్ళీ మళ్ళీ అదే దగ్గు." ఆమె పెదవుల రంగు చెదరకుండానే మొహం పాలిపోయింది. "ఆ రాత్రి నుంచి నాకు నిద్ర లేదు మొద్దబ్బాయ్. బిస్కెట్లు పెట్టిన మనిషి నా కిటికీ అవతల దగ్గుతోంది."

డెస్మండ్ చెయ్యి పైకి లేచింది. కొడతాడనే ఆమె అనుకుంది. అతను ఆ చేతిని జేబులో పెట్టుకుని ల్యాబ్ వైపు చూశాడు. ఆమె కిటికీ అవతలి దగ్గుకి ఆమె వణికిపోతోంది. అతను రెండేళ్ళుగా దాని కోసమే కిటికీ దగ్గర కూర్చున్నాడు.

శుక్రవారం పొద్దున ఏంబ్రోస్ ఎప్పటిలాగే మీట వైపు చెయ్యి చాచాడు. డెస్మండ్ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఇవాళ స్వరం వద్దు. ఇంకా ఏ గొంతూ వినని కొత్త పెట్టె విప్పి, తిన్నగా నిశ్శబ్దం గదిలో పెడదాం."

"మతి పోయిందా? ముందు స్వరం, తర్వాత..."

"ఒక్కసారి గురూ. తప్పయితే నా తల మీద ఆ తల పెట్టి కొట్టు."

ఏంబ్రోస్ గొణుక్కుంటూనే పెట్టె విప్పాడు. నిశ్శబ్దం గది గోడల నిండా నల్లటి నురగ శంకువులు. బయటి లోకపు సిగ్నల్ ఒక్కటి కూడా లోపలికి రాదు. తలుపు మూస్తే మనిషి తన గుండె చప్పుడే విని, ఇంకెవరిదో అని భయపడతాడు. ఇద్దరూ పెట్టె పక్కన నిలబడ్డారు.

చెవి మిషన్‌లో రొద మొదలైంది. సన్నగా, తుమ్మెద తిరిగినట్టు. డెస్మండ్ మిషన్ తీసి ఏంబ్రోస్ చెవిలో పెట్టాడు.

ముసలాయన మొహం మాడిపోయింది. "ఇది... ఇది ఎవరితోనో గుసగుసలాడుతోంది! పైకి పంపకూడని దారిలో పంపుతోంది. మరి ఇన్ని రోజులూ?"

"ఇన్ని రోజులూ ముందు స్వరం వినిపించాం కదా. ఇప్పుడు వినిపించు."

తలని లోపలికి మోసుకొచ్చారు. తాడు ఎండింది. టోపీ మంచులో పడింది. వంటింట్లో దీపం ఆర్పడం మరిచింది. రొద అలాగే ఉంది. మార్గో దగ్గింది.

రొద ఆగిపోయింది.

"ఓరి దొంగముండాకొడుకుల్లారా" అన్నాడు ఏంబ్రోస్ నెమ్మదిగా. "మాటలు ఏ ల్యాబ్‌లో అయినా ఉంటాయి. ఆ దగ్గు మా దగ్గరే ఉంది. అది వినపడితే పరీక్షకి వచ్చామని దీనికి అర్థం. బుద్ధిమంతుడై కూర్చుంటుంది. మేం ఆ దగ్గు తీసెయ్యమని... తీసెయ్యకూడదని..." అతను కింద కూర్చుండిపోయాడు. కొలబద్దని గీరనందుకు జీవితమంతా గర్వపడ్డ మనిషి.

బయటికి రాగానే డెస్మండ్ రహస్య ఫోన్ మోగింది.

"నంబరు ఆపించండి మేడమ్. పెట్టె గుట్టు తెలిసింది."

"నంబరు సంగతి తర్వాత" అంది మిసెస్ ఓగిల్వీ. ఆమె గొంతులో తొందర అతనెప్పుడూ వినలేదు. "కీఫర్‌ని చంపినవాళ్ళు ఈ పెట్టెల్ని ఆయుధంలా కొనేవాళ్ళకి ఆట చూపిస్తున్నారు. నిపిగాన్ మీద ఓ చిన్న విమానం తిరుగుతోంది. డార్లీన్ దళం పెట్టెలన్నీ ఇప్పుడే మూగబోయాయి. గాలి తిరిగింది, డెస్మండ్. మంట వెనక నుంచి వస్తోందని వాళ్ళకి తెలీదు. చెరువు వైపు పొమ్మని చెప్పేవాడు లేడు. మన హెలికాప్టర్ వెళ్ళేసరికి బూడిద ఏరుకోవాలి."

ఇరవై మంది. అక్కడ చెట్లు నరుకుతున్నారు, రంపాల హోరులో, నడుముకి వేలాడే పెట్టె బతికే ఉందనుకుంటూ. మళ్ళీ అదే. ఎవరో పోతుంటే తను దూరాన ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు.

"ఏంబ్రోస్! మూగబోయిన పెట్టె వింటుందా?"

"వినాలిగా! మళ్ళీ లెమ్మని ఆజ్ఞ వస్తే వినాలి కదా. నోరు మూస్తుంది గానీ చెవులు మూసుకోదు."

"అయితే ఆజ్ఞ మనమే ఇద్దాం. మేడమ్, నన్ను అక్కడి ఫైర్ సెంటర్‌తో కలపండి."

అవతల దళాలకి కబుర్లందించే గ్లెన్ అనే కుర్ర డిస్పాచర్ దొరికాడు. అప్పటికే ఏడుపు గొంతు. "పలకట్లేదు సార్, ఇరవైసార్లు పిలిచాను, ఒక్కరూ..."

"పిలవకు బాబూ. నీ ఫోన్ తీసి మైకుకి ఆనించు. పెద్ద టవర్ ఆన్ చెయ్యి. ఇక్కణ్ణించి ఓ ఆడమనిషి మాట్లాడుతుంది. ఏం మాట్లాడినా ఆపకు."

"ఏం మాట్లాడుతుంది సార్?"

"టోపీ గురించి."

తలని మళ్ళీ బల్ల మీదికి తెచ్చి, డెస్మండ్ ఫోన్‌ని ప్లాస్టిక్ పెదవులకి ఆనించి పట్టుకున్నాడు. అతని మొహం ఆ మొహానికి జానెడు దూరంలో ఉంది. ఏంబ్రోస్ మీట నొక్కాడు.

తడిసిన తాడు రేవులో ఎండుతోంది. పెద్దాయన టోపీ మంచులో పడింది. ఎంత నిదానంగా చదివిందీమె! ఒక్కో మాటకీ మధ్య అంత ఊపిరి ఎందుకు పీల్చుకుంది? వంటింట్లో దీపం ఆర్పడం మరిచాను.

దగ్గు.

పడవ వచ్చేదాకా ఎవరూ వెళ్ళకండి.

ఫోన్లో ఏమీ లేదు. ఒట్టి గాలి శబ్దం.

"టెలిఫోన్ తీగలో గొంతు నలిగిపోయింది, పోల్చుకోలేదది" అన్నాడు ఏంబ్రోస్, చెమటలు కారుతూ.

"మళ్ళీ వెయ్యి. గట్టిగా."

ఏంబ్రోస్ ధ్వని చివరిదాకా తిప్పాడు. గది అద్దాలు అదిరాయి. మార్గో గొంతు ల్యాబ్ నిండా, నడవాల నిండా, బతికున్నప్పుడు ఎన్నడూ అరవని మనిషి అరిచినట్టు మోగింది. తాడు. టోపీ. దీపం. డెస్మండ్ కళ్ళు మూసుకున్నాడు. దగ్గవే, అనుకున్నాడు, ఒక్కసారి, నా కోసం దగ్గు. ఏ మొగుడూ ఏ పెళ్ళాన్నీ అలాంటిది కోరి ఉండడు.

ఆమె దగ్గింది.

ఫోన్లో ఏదో చిటపటలాడింది. తర్వాత రంపం హోరు. ఏంబ్రోస్ ఆపేలోగా టేపు మళ్ళీ మొదలై దగ్గుదాకా నడిచింది. తర్వాత ఓ ఆడగొంతు, బొంగురుగా, చిరాగ్గా: "ఏయ్ గ్లెన్! ఏంట్రా నీ గోల? టోపీ ఏంటి, దీపమేంటి?"

"డార్లీన్!" గ్లెన్ కేక పెట్టాడు. "గాలి తిరిగింది! వెనక మంట! చెరువులోకి, అందరూ చెరువులోకి, పరిగెత్తండి!"

రంపాలు ఆగాయి. అరుపులు, కొమ్మలు విరిగిన చప్పుడు, పరిగెత్తే మనుషుల ఊపిరి. ల్యాబ్‌లో ఇద్దరు మగాళ్ళు ప్లాస్టిక్ తల పక్కన బిగుసుకుపోయి విన్నారు. పైన విమానంలోవాడు మళ్ళీ మళ్ళీ మూగబోవాలని ఆజ్ఞ పంపుతూనే ఉండాలి. పెట్టెలు వినలేదు. అవి పరీక్షలో ఉన్నాయి మరి.

చివరికి నీళ్ళ చప్పుడు. డార్లీన్ గొంతు రొప్పుతూ వచ్చింది.

"అందరం ఉన్నాం. మెడదాకా నీళ్ళలో ఉన్నాం. మేం నరికిన దారంతా తగలబడిపోతోంది." కాసేపు ఊపిరి. "గ్లెన్, ఇంతకీ ఎవర్రా ఆ దగ్గేది? పాపం ఆ పిల్లకి ఎవరన్నా ఇంత మందు పొయ్యండి."

డెస్మండ్ ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రానికి చిన్న విమానాన్ని థండర్ బే దగ్గర దింపించారు. ఓడిల్ పారిపోలేదు. మిసెస్ ఓగిల్వీ మనుషుల కారు వెనక సీట్లో తనే ఎక్కి కూర్చుని, "ఇక నాకు నిద్ర పడుతుందా?" అని డ్రైవర్‌ని అడిగిందట.

మిసెస్ ఓగిల్వీ స్వయంగా ల్యాబ్‌కి వచ్చింది. ఆ స్వరం లోకానికి తెలిసిపోయింది కాబట్టి ఇక పనికిరాదంది. సోమవారం నుంచి కొత్త గొంతు, కొత్త వాక్యాలు. పాత టేపు సాక్ష్యం కింద సీలు వేసి తీసుకుపోతారు, ఎవరూ వినడానికి వీల్లేదు. కాగితం మీద డెస్మండ్ సంతకం కావాలి.

అతను సంతకం పెట్టాడు. పెన్ను మూత పెట్టడానికి కొంచెం సేపు పట్టింది.

"వెళ్ళే ముందు ఒక్కసారి విను" అని, ఆమె చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. ఆమె చెప్పిన ఒకే ఒక్క క్షమాపణ అదే.

అతను వినలేదు. ప్లాస్టిక్ తల ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడంతే. చీకటి పడింది. ఏంబ్రోస్ కోటు తగిలించుకుంటూ వచ్చి, ఆ ఇద్దర్నీ చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"చెవుడు లేదు. వాల్టరూ కాదు" అన్నాడు. "నా ల్యాబ్‌లో కూర్చుని నా మార్గో కోసం ఏడుస్తున్నావు. ఇంతకీ ఎవరయ్యా నువ్వు?"

డెస్మండ్ చెవి మిషన్ తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత, కొట్టడానికి వీలుగా, తల కాస్త వంచాడు.

"మందుల కంపెనీ సేల్స్‌మన్‌ని. సరుకు అందించడం కొంచెం ఆలస్యమైంది."